మాస్ పాట అని తేలిగ్గా తీసేయకండి

1977లో అడవి రాముడు వచ్చింది. సంగీతం కె.వి.మహదేవన్, పాటలు వేటూరి, పాడింది బాలు. మూడేళ్ళు నిండకుండానే 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చింది. సంగీతం కె.వి.మహదేవన్, పాటలు వేటూరి (పాత కీర్తనలు పోను), పాడింది బాలు. ఈ రెండో సినిమా పేరెత్తగానే కళ్ళు మూసుకుని తల ఊపేవాళ్ళే మొదటి సినిమా పేరెత్తితే "అబ్బే, అవి మాస్ పాటలండీ" అని తేల్చేస్తారు. ట్యూన్ కట్టినాయన అదే మనిషి, మాట రాసినాయన అదే మనిషి, గొంతు అదే గొంతు, మరి మూడేళ్ళలో ఏం మారిపోయింది అని నేను చాలామందిని అడిగాను, పెళ్ళిళ్ళలో అడిగాను, రైల్లో పక్క సీటాయన్ని అడిగాను, సంగీతం బాగా తెలిసినవాళ్ళని అడిగాను, "అది వేరు, ఇది వేరు" అనే జవాబు తప్ప ఇంకోటి రాలేదు.

వేరే అని నాకూ తెలుసు. ఒకటి కూర్చుని వినే పాట, ఇంకోటి లేచి ఆడే పాట. వేరైనంత మాత్రాన తక్కువైపోతుందా? నా గొడవంతా అక్కడే. ఈ తక్కువ చేయడం పాట విన్నాక జరిగేది కాదు, ఆ పాటకి ఈల వేసిందెవరో చూసి జరిగేది. నేల టికెట్ వాళ్ళు లేచి ఎగిరారంటే ఇక అందులో సంగీతం ఉండదని ముందే తీర్మానం అయిపోతుంది.

సంగీతం రాకపోవడం వల్ల ఇలా మాట్లాడుతున్నాననుకోకండి. చిన్నప్పుడు సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా ఏళ్ళ తరబడి నేర్చుకున్నదాన్నే, కర్ణాటక సంగీతం అంటే ఈరోజుకీ ప్రాణం, పొద్దున్నే భైరవి వింటే ఆ రోజంతా నాకు బాగుంటుంది. మా టీచరుగారి ఇంట్లో మాత్రం ఒక రూలు ఉండేది, సినిమా పాట కూనిరాగం తీసినా ఊరుకునేవారు కాదు, గొంతు పాడైపోతుంది అనేవారు. ఆవిడంటే నాకు చాలా గౌరవం, నేర్పిన ప్రతి స్వరం గుర్తుంది, కానీ ఆ మాట మాత్రం నాకెప్పుడూ మింగుడు పడలేదు. ఎందుకంటే మా ఇంట్లో అమ్మ రేడియో పెట్టుకుని మిషన్ కుట్టేది, ఆ రేడియోలో వచ్చే సుశీల గారి గొంతులో ఒక్క శ్రుతి కూడా పక్కకి పోయేది కాదు. ఆ సుశీల గారు చదువుకున్నది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే, అదీ మామూలుగా కాదు, మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కుని తింటూ చదువుకున్నారు, పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. అంత కష్టపడి నేర్చుకున్న విద్యతో ఆయన ఎక్కడికి వెళ్ళారు? మద్రాసు వెళ్ళి సినిమాకి పాడారు. దాన్ని దిగజారడం అని అనగలమా?

ఘంటసాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 1961లో జగదేకవీరుని కథ కోసం పెండ్యాల గారి సంగీతంలో శివశంకరీ పాడిన గొంతే 1971లో ప్రేమనగర్ కోసం ఎల్.ఆర్.ఈశ్వరితో కలిసి లేలేలే నా రాజా పాడింది. చివరి రోజుల్లో భగవద్గీత పాడిందీ అదే గొంతు. ఆయన ఏ పాటనీ చిన్నచూపు చూసి పాడినట్టు నాకెక్కడా వినబడలేదు. వినండి కావాలంటే, ప్రేమనగర్ పాటలో కూడా ఆయన మాట పలికే తీరులో అదే శుభ్రత ఉంటుంది.

ఈ చిన్నచూపు మొన్న మొన్న పుట్టింది కూడా కాదు. ఒకప్పుడు దానికి సర్కారు ముద్ర కూడా పడింది. 1952లో బి.వి.కేస్కర్ గారు కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయ్యారు, పదేళ్ళు ఉన్నారు. సినిమా పాటలు జనం అభిరుచిని పాడు చేస్తున్నాయని ఆయన గట్టిగా నమ్మారు. ఆకాశవాణిలో సినిమా పాటలకి టైం బాగా కోసేశారు, పాట ముందు సినిమా పేరు చెప్పకూడదన్నారు, దాంతో నిర్మాతలకీ రేడియోకీ చెడింది, అసలు సినిమా పాటే మన రేడియోలో వినపడకుండా పోయింది. జనం ఏం చేశారు? శాస్త్రీయ సంగీతం వింటూ కూర్చున్నారా? రేడియో ముల్లు తిప్పి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) స్టేషన్ పెట్టుకున్నారు. హిందీ వాళ్ళకి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా, మన వాళ్ళకి సిలోన్ తెలుగు ప్రసారంలో మీనాక్షి పొన్నుదురై గొంతు. మన దేశం పాట మన దేశంలో వినడానికి సముద్రం అవతల స్టేషన్ పట్టుకోవాల్సి వచ్చింది. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి మొదలుపెట్టి సినిమా పాటని మళ్ళీ లోపలికి పిలిచారు. ఆ మధ్యలో సినిమా పాటకి బదులుగా లలిత సంగీతం అని రేడియో వాళ్ళు పెంచారు, మన విజయవాడ, హైదరాబాద్ కేంద్రాల్లో అద్భుతమైన లలిత గీతాలు వచ్చాయి, బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటి వాళ్ళ పని అది, నాకు వాటి మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఫిర్యాదల్లా ఒకటి పెంచడానికి ఇంకోటి తొక్కాలనే ఆలోచన మీదే.

హార్మోనియం గతి కూడా చూడండి. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది, మన సంగీతంలోని గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, ఆ మెట్ల మీద కుదరదని. దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ నిషేధం నడిచింది. అదే సమయంలో మన పల్లెల్లో రాత్రంతా పద్య నాటకం నడిచింది ఆ హార్మోనియం మీదే. రేడియోకి పనికిరాని పెట్టె జనానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.

అసలు "శాస్త్రీయం" అని మనం ఇప్పుడు దణ్ణం పెట్టేది కూడా ఒకప్పుడు ఏ చోట ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. క్షేత్రయ్య పదాలు, జావళీలు బతికింది ఎవరి గొంతుల్లో? దేవదాసీల గొంతుల్లో. ఆ పాట కావాలి, ఆ పాడే ఆడమనిషి మాత్రం వద్దు, ఇదీ మన పెద్దమనుషుల వరస. బెంగుళూరు నాగరత్నమ్మ గారి కథ తెలిసినవాళ్ళు ఈ కాలంలో ఎంతమంది ఉన్నారో గానీ ప్రతి తెలుగువాడూ తెలుసుకోవాల్సిన కథ అది. దేవదాసి కుటుంబంలో పుట్టిన మనిషి. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో వెతికి పరిష్కరించి అచ్చు వేయించింది, అంతకు ముందే వీరేశలింగం గారంతటి వారు ఆ కావ్యాన్ని సిగ్గుమాలినదని తీసిపారేశారు, తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తిరువయ్యారులో త్యాగరాజ స్వామి సమాధి పాడుబడి ఉంటే తన సొంత సంపాదనతో స్థలం తీసుకుని గుడి కట్టించింది కూడా ఆవిడే. కానీ ఆరాధన ఉత్సవంలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆవిడ ఊరుకోలేదు, 1927 నుంచి ఆడవాళ్ళతో వేరే ఆరాధన నడిపించింది, 1941కి గానీ అందరూ కలిసి పాడే రోజు రాలేదు. ఇవాళ ఆ ఉత్సవంలో పంచరత్న కీర్తనలు టీవీలో చూసి పులకించేవాళ్ళు, ఆ చోటు కట్టించిన మనిషిని ఆ కాలంలో ఏమని పిలిచి పక్కన పెట్టారో తలుచుకోవాలి. పాడేవాళ్ళ పుట్టుక చూసి, వాళ్ళ ఒంటి మీద బట్ట చూసి, వాళ్ళ పాటకి విలువ కట్టే అలవాటు మనకి కొత్తగా వచ్చింది కాదు, ఇప్పుడు అది ఐటం సాంగ్ పాడే అమ్మాయి మీదకి మళ్ళింది, అంతే.

ముత్తుస్వామి దీక్షితుల వారు సెయింట్ జార్జి కోటలో తెల్లవాళ్ళ బ్యాండు వాయించే ట్యూన్లు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు, నొట్టుస్వరాలు అంటారు, అందులో ఒకటి అచ్చంగా గాడ్ సేవ్ ది కింగ్ ట్యూనే. అన్నమయ్య సువ్వి పాటలు, గొబ్బి పాటలు, జాజర పాటలు రాశాడు, అంటే దంచుకునేవాళ్ళూ ఆడుకునేవాళ్ళూ పాడుకునే వరసలు. మహానుభావులు ఎవరూ గోడ కట్టుకుని కూర్చోలేదు. బాలమురళి గారి సంగతే తీసుకోండి, విజయవాడ రేడియోలో భక్తి రంజని మొదలుపెట్టిన మనిషి, నర్తనశాలలో పాడారు, ఉయ్యాల జంపాలలో పాడారు, భక్త ప్రహ్లాదలో నారదుడి వేషం కూడా కట్టారు. గోడలు కట్టేది ఎప్పుడూ వాళ్ళ తర్వాత వచ్చేవాళ్ళే.

సరే చరిత్ర పక్కన పెట్టి పాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ వాదనలో అసలు పాట వినడమే మర్చిపోతుంటారు. 1973లో దేవుడు చేసిన మనుషులు కోసం ఎల్.ఆర్.ఈశ్వరి పాడిన మసక మసక చీకటిలో తీసుకుందాం. క్లబ్ పాట. ఇంట్లో పిల్లలు పాడితే పెద్దవాళ్ళు గుర్రుమన్న పాట. ఒకసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ తెర మీద డాన్సు మర్చిపోయి, గొంతు ఒక్కటే వినండి. ప్రతి మాట మొదట్లో ఉండే హల్లుని ఆవిడ తాళం మీద ఎంత కచ్చితంగా వేస్తుందో చూడండి, అచ్చు మీద ఎక్కువ సేపు నిలబడదు, నిలబడితే పాట బరువెక్కిపోతుంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో పట్టుకోవడం కష్టం, తీసుకున్న చోట ఆ ఊపిరిని కూడా పాటలో భాగం చేసేస్తుంది. గొంతులో ఒక అల్లరి నవ్వు మొదటి నుంచి చివరి దాకా ఉంటుంది, ఆ నవ్వు ఉన్నా శ్రుతి వెంట్రుకవాసి కూడా కదలదు. నవ్వుతూ పాడి చూడండి ఎవరైనా, నవ్వగానే స్వరం పైకి పోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ పాఠంగా లేదు, ఏ గురువూ నేర్పరు, ఆవిడ మద్రాసు స్టూడియోల్లో కోరస్‌లో నిలబడి పాడే రోజుల నుంచి ఒక్కో మైకు ముందూ నేర్చుకున్న విద్య అది.

ఆ పాటకి సంగీతం రమేష్ నాయుడు. తొమ్మిదేళ్ళ తర్వాత మేఘసందేశానికి జాతీయ అవార్డు తెచ్చుకున్న రమేష్ నాయుడే. ఇక ఆ ఈశ్వరి గొంతు సంగతంటారా, క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆవిడ పాడిన అమ్మవారి పాటలు తమిళనాట ఆడి మాసం వస్తే గుడి మైకుల్లో మోగుతూనే ఉంటాయి. క్లబ్బులో పనికొచ్చిన గొంతే గుళ్ళోనూ పనికొచ్చింది, అమ్మవారికి లేని అభ్యంతరం మనకెందుకో.

డాన్సు పాట పాడటం సులువు అనుకునేవాళ్ళకి ఇంకోటి చెప్తాను. ఘరానా మొగుడులో బంగారు కోడిపెట్ట పాడింది బాలు, చిత్ర. చిత్ర గారు కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకున్న మనిషి, ఆవిడకి ఆ పాటలో సంగతులు, అంటే ఒకే లైనుని రకరకాలుగా మలుపు తిప్పి పాడటం, వేసే చోటే లేదు, ఉన్నదల్లా అక్కడో అర సెకను, ఇక్కడో అర సెకను. ఆ అర సెకనులో ఒక చిన్న జారు, ఒక విసురు వేసి మళ్ళీ బీట్ మీదకి వచ్చి పడాలి. కచేరీలో రాగం ఆలాపన చేసేటప్పుడు తప్పటడుగు పడినా సర్దుకోవడానికి టైం ఉంటుంది, ఇక్కడ ఉండదు. బాలు గారి సంగతి చెప్పనే అక్కర్లేదు, శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోలేదని ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నారు, శంకరాభరణానికి మహదేవన్ గారి అసిస్టెంటు పుహళేంది దగ్గర కూర్చుని ఒక్కో సంగతీ నేర్చుకుని పాడారు. ఆ నేర్చుకునే బుద్ధి, ఆ చెవి ఎక్కడ తయారైంది? అంతకు ముందు పదమూడేళ్ళు పాడిన వందల పాటల్లోనే కదా, అందులో చాలా భాగం ఇప్పుడు మీరు మాస్ అని పక్కన పెట్టేవే కదా.

రాసేవాళ్ళ కష్టం కూడా అంతే. ట్యూన్ ముందు వస్తుంది, తనననా అని డమ్మీ మాటలతో ఉంటుంది, ఎక్కడ గురువు ఎక్కడ లఘువు అన్నది ట్యూన్ ముందే తేల్చేసి ఉంటుంది, ఆ గదుల్లో సరిపోయే మాట వేయాలి, అది సందర్భానికి సరిపోవాలి, హీరోకి సరిపోవాలి, ఒక్కసారి వింటే రిక్షా తొక్కే మనిషి నోటికి కూడా ఎక్కాలి. ఉత్పలమాల రాసేవాడికి గణాలూ యతిప్రాసలూ ఎలాంటి కట్టుబాట్లో ట్యూన్‌కి రాసేవాడికి ఇవి అలాంటి కట్టుబాట్లే, పైగా రేపు పొద్దున రికార్డింగ్ ఉంటుంది.

ఇప్పుడు అసలు నొప్పి పుట్టించే విషయం. మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి ప్రతి ఏడూ పిల్లల చేత ప్రోగ్రాం చేయిస్తారు. ఆమధ్య గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు, క్లాసికల్, డివోషనల్ మాత్రమే, సినిమా పాటలు, డీజే పాటలు వద్దు అని. మా వాచ్‌మన్ గారి అమ్మాయి మంచి గొంతున్న పిల్ల, యూట్యూబ్‌లో తిరిగే ఒక తెలంగాణ జానపదం నేర్చుకుని వచ్చింది, పాడనివ్వలేదు, ఇది డీజే పాటమ్మా అన్నారు. ఆ తర్వాత ఇంకో ఫ్లాట్ పిల్ల శంకరాభరణంలో పాట పాడింది, అందరూ చప్పట్లు కొట్టారు, బాగానే పాడింది, నేనూ కొట్టాను. కానీ శంకరాభరణం సినిమా కాదా? సినిమా పాటలు వద్దు అన్న రూలు ఏమైంది? నేను అక్కడే అడిగాను, పండగ పూట గొడవెందుకండీ అన్నారు. ఆ పిల్ల పాడాలనుకున్నది వాళ్ళమ్మమ్మ నాట్లేసేటప్పుడు పాడిన వరస లాంటిది, దాని వయసు మీ రికార్డుల కన్నా ఎక్కువే ఉంటుంది. కాకపోతే దాని కింద డప్పు ఉంది, బేస్ ఉంది. ఆ డప్పే వాళ్ళకి ఇబ్బంది.

డప్పు మాట దగ్గర మన నోళ్ళు ఎందుకు తడబడతాయో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. మృదంగానిదీ చర్మమే, డప్పుదీ చర్మమే. మృదంగానికి ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు కావాలి, దాన్ని తయారు చేసే చేతులు ఎక్కువగా దళితుల చేతులే, ఆ చేతులు తయారు చేసిన వాయిద్యం సభ ఎక్కింది, చేసిన మనిషి ఎక్కలేదు. డప్పు విషయంలో చేసిన మనిషీ వాయించే మనిషీ ఒకే వాడల నుంచి వస్తారు, అందుకే అది "మోత" అయిపోయింది. తకిట తకిట అని మృదంగం మీద వేస్తే తిశ్రం (మూడు లెక్కల నడక), అదే నడక డప్పు మీద పడి జనం తీన్మార్ ఆడితే రోత. లెక్క ఒకటే, మూడూ మూడూ ఆరు. ఈ తేడా సంగీతానికి సంబంధించింది అని నన్ను ఎవరూ ఒప్పించలేరు.

2023 మార్చిలో నాటు నాటుకి ఆస్కార్ వచ్చింది. ఆ పాట నడక కూడా ఆ ఆరు లెక్కలోనే ఉంటుంది, ఊళ్ళో జాతరలో వినపడే నడకే. కీరవాణి గారికి అంతకు ముందు అన్నమయ్యకి జాతీయ అవార్డు ఉంది, ఆ మాటకొస్తే బంగారు కోడిపెట్ట ట్యూనూ ఆయనదే, ఆయన ఏ పాటకి ఆ పాట అడిగిన విద్య పెట్టారు. ఆస్కార్ స్టేజి మీద ఆ పాట పాడిన ఇద్దరిలో ఒకరు రాహుల్ సిప్లిగంజ్, హైదరాబాద్ పాతబస్తీ వైపు కుర్రాడు, వాళ్ళ నాన్నగారి సెలూన్‌లో పని చేస్తూ పాట నేర్చుకున్నవాడు, యూట్యూబ్‌లో సొంతంగా గల్లీ భాషలో పాటలు చేసుకుని పైకొచ్చినవాడు. ఆ పాటలు వచ్చినప్పుడు ఇదేం భాష, ఇదేం పాట అన్నవాళ్ళని నేను ఎరుగుదును, ఆస్కార్ రాగానే "మన తెలుగువాడు" అని స్టేటస్ పెట్టిందీ వాళ్ళే. నాకు సంతోషమే, కానీ ఆ గొంతు బాగుందని తెలుసుకోవడానికి లాస్ ఏంజెలెస్ నుంచి సర్టిఫికెట్ రావాలా? ఆ గొంతులో ఉన్న గరుకు, ఆ పలుకుబడి, ధూల్‌పేట గణేశ్ నిమజ్జనం ఊరేగింపుల్లో తిరిగిన ఎవరికైనా ముందే తెలుసు.

ఈ కాలం పాటల మీద చెప్పే ఇంకో మాట ఆటోట్యూన్. ఇప్పుడు ఎవరైనా పాడేయొచ్చు, మిషన్ సరి చేస్తుంది అంటారు. 1997లో ఒక ఇంజినీరు దాన్ని తయారు చేశాడు, అంతకు ముందు ఆయన చమురు నిక్షేపాలు వెతకడానికి భూమిలోకి పంపే ధ్వని తరంగాల లెక్కలు చూసేవాడట. ఆ మిషన్ స్వరాన్ని దగ్గర్లో ఉన్న మెట్టు మీదకి తెస్తుంది, నిజమే. మాటలో ప్రాణం తెస్తుందా? టైమింగ్‌లో ఆ వెంట్రుకవాసి ఆలస్యం, అందులో ఉండే పొగరు, అది తెస్తుందా? ఎవరో ఒకరు లోపలి నుంచి పాడితేనే అది ఉంటుంది. మైకు వచ్చినప్పుడూ ఇలాంటి మాటే పుట్టింది. అంతకు ముందు నాటకంలో పద్యం పాడేవాళ్ళు ఆఖరి వరస వాడికి వినపడాలని గొంతు చించుకుని పైస్థాయిలో పాడాలి, పద్యం చివర రాగం తీస్తూనే ఉండాలి, వన్స్‌మోర్ వచ్చేదాకా తీయాలి. మైకు వచ్చింది కాబట్టే ఘంటసాల పద్యాన్ని మన పక్కన కూర్చుని చెప్తున్నట్టు, రాగం తగ్గించి భావం పెంచి పాడగలిగారు. ఇప్పుడు అదే మనకి పద్యం పాడే పద్ధతి అయి కూర్చుంది. పనిముట్టు మారితే పాడే విద్య మారుతుంది, పోదు.

మరి అన్ని పాటలూ గొప్పవా అంటే, కావు. నేనలా అనట్లేదు. నెలకి వచ్చే పాటల్లో సగం పాటలు నాకు రెండోసారి వినబుద్ధి కాదు. అమ్మాయి వద్దంటున్నా వెంటపడటాన్ని ప్రేమ అని రాసే పాటల మీద నాకు పీకల దాకా కోపం ఉంది, ఆడపిల్లని వస్తువులా వర్ణించే పాటలు మా అబ్బాయి పాడుకుంటుంటే ఆపి, ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్తాను. కానీ ఆ కోపం ఆ పాటలో మాట మీద. దాన్ని పట్టుకుని తిట్టండి, ఏ లైను బాగాలేదో చెప్పండి, ఏ ట్యూన్ ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో చెప్పండి, ఆ హుక్ స్టెప్ కోసం పాటని ఎక్కడ నరికేశారో చెప్పండి. దాన్ని విమర్శ అంటారు, ఆ పని చేయాలంటే ముందు పాట వినాలి. మొత్తంగా "ఇప్పటి పాటలు పాటలా" అనేది వినకుండా చెప్పే మాట. ఆ మాట అనేవాళ్ళు ఇళయరాజా అంటే ఇప్పుడు చెయ్యెత్తి దణ్ణం పెడతారు, ఎనభైల్లో ఆయన గిటార్లూ సింథసైజర్లూ విని "వాయిద్యాల మోతలో మాట వినపడట్లేదు" అని విసుక్కున్న పెద్దవాళ్ళు మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. పంతులమ్మ లాంటి ఒక అత్తయ్య అయితే క్యాసెట్ ఆపేసేది కూడా.

పాడేవాళ్ళ గౌరవం అంటే నా దృష్టిలో దండలూ శాలువాలూ కాదు. 2012లో కాపీరైట్ చట్టం మార్చి పాట రాసినవాళ్ళకీ సంగీతం కట్టినవాళ్ళకీ రాయల్టీ హక్కు, పాడినవాళ్ళకి కూడా తమ పాట మీద కొంత హక్కు ఇచ్చారు. మంచిది. కానీ ట్రాక్ పాడి, హీరోయిన్ రేంజ్ గాయని వచ్చి మళ్ళీ పాడేదాకా ఆ పాటని మోసిన అమ్మాయి పేరు ఎక్కడుంటుంది? కోరస్‌లో హోయ్ హోయ్ అని ఆ పాటకి ఊపు తెచ్చే ఎనిమిది మంది పేర్లు? డప్పు వాయించిన వాళ్ళ పేర్లు? యూట్యూబ్‌లో పాట కింద లిరికల్ వీడియో ఎడిటర్ పేరు ఉంటుంది, టైటిల్ స్పాన్సర్ పేరు ఉంటుంది, వీళ్ళవి చాలాసార్లు ఉండవు. ఎల్.ఆర్.ఈశ్వరి కూడా అలా పేరు లేని కోరస్‌లో నిలబడి వచ్చిన మనిషే. సంగీతం మీద అంత ప్రేమ ఉన్న రసికులు, మాస్ పాట వల్ల సంగీతం పాడైపోతోందని బాధపడే ఓపికలో సగం పెట్టి, ఆ పేర్లు వేయమని ఆడియో కంపెనీలని అడగండి, నేను అడుగుతున్నాను, నచ్చిన ప్రతి పాట కిందా అడుగుతున్నాను, రెండు మూడు పాటలకి తర్వాత కోరస్ వాళ్ళ పేర్లు చేర్చారు కూడా.